చెప్పని శుభవార్త

శంషాబాదు విమానాశ్రయమున దూరదేశములనుండి వచ్చు విమానములు పెక్కు అర్ధరాత్రము దాటిన పిదపనే దిగుచుండును. నిద్రలేమిచే బరువెక్కిన కన్నులతో, చేతిసంచులు ఈడ్చుకొనుచు, పొడవైన నడవలు దాటి ఇమ్మిగ్రేషను సాలలో ప్రవేశించిన వారెల్లరును అచ్చట ఒక్క క్షణము తలయెత్తి పైనున్న ఫలకములను చదువుకొందురు. చదువుకొని ఎవరి వరుసకు వారు మరలుదురు. భారతీయ పాస్‌పోర్టు గలవారికి ఒక వరుస. విదేశీయులకును ఓసీఐ కార్డు గలవారికిని వేరొక వరుస. కొంతకాలము క్రిందట మా తమ్ముని కుటుంబముతోగూడ అమెరికానుండి తిరిగివచ్చుచు నేను ఆ సాలలో అడుగిడితిని. అంతవరకు మేమందరము ఒక్క గుంపుగా నడచుచుంటిమి. పిల్లలు నా చేతులు పట్టుకొనియుండిరి. ఫలకముల కడకు రాగానే తమ్ముడు, ఎవరును చెప్పకయే, ఒకవైపునకు తిరిగెను. మరదలును పిల్లలును ఆతనిని వెంబడించిరి. నేను రెండవవైపున నిలిచితిని. ఆతని చేతిలోని పుస్తకమును నా చేతిలోని పుస్తకమును దూరమునుండి చూచువానికి ఒక్కటియే. రెండింటి అట్టలును ముదురు నీలమే. దానిమీద గ్రద్ద, దీనిమీద సింహములు. వరుసలు మెల్లగా సాగినవి. ఆవల సామానులు వచ్చుచోట మరల కలిసికొంటిమి. జరిగిన దింతియే. ఇందు విషాదము లేదు, అవమానము లేదు. లోకమున ప్రతి దేశమును తన ప్రజను అన్యప్రజను వేరువేరుగానే లెక్కించుకొనును. అయినను ఆ రెండు వరుసల నడుమనున్న కొలది స్థలము ఇంటికి వచ్చినపిదపను నా మనస్సును వదలలేదు.

నన్ను వేధించినది వేరు వరుస కాదు; ఆ వరుసకు ఆతడు ఏనాడు చెందెనో మా యింట ఎవ్వరికిని తెలియకపోవుట. ఆతడు అమెరికా పౌరుడైనాడని మేమెరుగుదుము; కాని ఏ దినమున అయ్యెనో, ఆ దినమున ఏమి జరిగెనో, ఆ సాయంకాలము వారింట పాయసము వండుకొనిరో లేదో, ఆ మాట మా యింట ఏనాడును వినబడలేదు. మొట్టమొదట ఆతనికి వీసా వచ్చిన దినము మాత్రము నాకు నిన్నటివలె జ్ఞాపకమున్నది. వీసా కొరకు మా ప్రాంతమువారు చిలుకూరు బాలాజీ కోవెలలో మ్రొక్కుకొని 11 ప్రదక్షిణములు చేయుదురు. కోరిక ఈడేరినపిదప మరల వచ్చి 108 ప్రదక్షిణములతో మ్రొక్కు తీర్చుకొందురు. మా అమ్మ మోకాళ్ల నొప్పితోనే ఆ నూట యెనిమిదియు పూర్తిచేసెను. వీథిలో ప్రతి యింటికిని మిఠాయి పంచితిమి. సాగనంపుటకు బంధువులు రెండు జీపులలో తరలివచ్చిరి. గ్రీన్ కార్డు వచ్చినపుడు సత్యనారాయణ వ్రతము జరిగినది. ఇన్ని మెట్లకు ఇన్ని వేడుకలు చేసినవారము, చిట్టచివరి మెట్టు కడ, మనుష్యుడు చేయియెత్తి ఒక మహాదేశమునకు మాట యిచ్చిన దినమున, ఏల మౌనము వహించితిమి? తెలిసిన ఇండ్లలో మెల్లగా విచారించితిని. రాజేంద్రనగరమున, అత్తాపూరున, మా శంషాబాదులోనే నాలుగు వీథుల అవతల, ఎచ్చట అడిగినను ఇదియే కథ. వీసా సంగతి అందరికిని తెలియును. పౌరసత్వపు సంగతి ఎవరో యథాలాపముగా అన్నపుడు బయటపడును. శుభవార్త యని చెప్పుకొనుటకు నోరు రాదు; అశుభవార్తయా యన్న, అదియును కాదు. మరి ఏమిటిది?

మరునాటి మధ్యాహ్నము వరండాలో కూర్చుండియున్నపుడు ఆతనినే అడిగితిని. "ఏమని చెప్పను అన్నయ్యా? అమ్మ బాధపడుతుందేమో అనిపించింది. నాన్న ఉండి ఉంటే ఆయనతో అసలు చెప్పగలిగేవాడిని కాదు. సంతోషంగా చెప్పాలో, తప్పు చేసినవాడిలా చెప్పాలో నాకే తెలియలేదు" అనెను. లోపలినుండి అమ్మ ఈ మాట వినెను. బియ్యము ఏరుచున్న చేట ప్రక్కనపెట్టి వచ్చి, "నువ్వు పరాయివాడివైపోయావని నేనెప్పుడైనా అన్నానా నాయనా? ఏ ఊరి నీళ్లు తాగితే ఆ ఊరి మేలు కోరాలి" అని, మరల లోపలికి పోయెను. ఆతడు చాలసేపు మాటలాడలేదు. పిదప, అడుగకయే, ఆనాటి సంగతి మొదటినుండి చెప్పసాగెను.

గ్రీన్ కార్డుతో ఐదేండ్లు నివసించినవారు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అమెరికా పౌరుని వివాహమాడి కలిసి కాపురము చేయువారికి మూడేండ్లు చాలును. ఆంగ్లము చదివి వ్రాసి చూపవలెను. ఆ దేశచరిత్రలో, ప్రభుత్వవిధానములో ప్రశ్నలకు ఉత్తరములు చెప్పవలెను. ఆతడు పరీక్షకు పోయిన నాడు 100 ప్రశ్నలు ముందుగా చదువుకొనిపోగా అందు 10 అడిగి, 6 సరిగా చెప్పినవానిని ఉత్తీర్ణుని చేసెడివారు. 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు చేసినవారికి ప్రశ్నలు 128 అయినవి, 20 అడుగుదురు, 12 సరిగా చెప్పవలెను. ఏబదియేండ్లు దాటి, గ్రీన్ కార్డుతో ఇరువదియేండ్లు ఆ దేశమున గడపినవారికి ఆంగ్లపు పరీక్ష లేదు. తమ భాషలోనే సమాధానము చెప్పవచ్చును. అనగా కృష్ణా తీరమునుండి పోయి కుమారుని యింట వృద్ధాప్యము గడపుచున్న ఒక తల్లి, దుబాసీని పెట్టుకొని, ఆ రాజ్యాంగమును గూర్చి తెలుగున చెప్పి పౌరురాలు కావచ్చునన్నమాట. ఇది విన్నపుడు నా మనస్సు ఏలనో కరగినది. పరీక్ష అయినపిదప ప్రమాణస్వీకారము. పెద్ద సభాభవనము, ప్రవేశద్వారము కడనే గ్రీన్ కార్డును తిరిగి తీసికొందురు. వేదికపైనుండి దేశముల పేర్లు ఒకటొకటిగా పిలువగా ఆయా దేశములనుండి వచ్చినవారు లేచి నిలిచిరట. భారతదేశము పేరు పిలిచినపుడు తానును లేచెను. లేచినవారందరు కుడిచేయి యెత్తి, తాము అంతకుముందు ప్రజలుగానుండిన ఏ రాజునకుగాని రాజ్యమునకుగాని గల విధేయతను సంపూర్ణముగా విసర్జించుచున్నామనియు, ఆ దేశపు రాజ్యాంగమును కాపాడుదుమనియు, శాసనము కోరినచో ఆయుధము పట్టుదుమనియు, మనస్సులో ఏమియు దాచుకొనక ఈ మాట యిచ్చుచున్నామనియు పలుకవలెను. "ఆ మొదటి వాక్యం దగ్గర నా గొంతు ఆగింది. పక్కన ఒక ఎతియోపియా ముసలాయన గట్టిగా పలుకుతున్నాడు, కళ్లలో నీళ్లు. ఆయన్ని చూసి నేనూ పలికాను" అనెను తమ్ముడు. ఆ వృద్ధుని కన్నీరు సంతోషమో దుఃఖమో ఆతడు అడుగలేదు. అడిగియుండినను ఆయన చెప్పగలిగెడివాడా?

విధేయతను విసర్జించుట యనగా మనుష్యుడు దేనిని విడుచుచున్నాడు? పన్ను చెల్లించు బాధ్యతనా, ఓటునా, జెండాను చూచినపుడు గుండెలో కలుగు పులకింతనా? ఈ సందేహముతో తిరుగాడుచుండగా మనవారి దత్తత శాసనము నాకు జ్ఞప్తికి వచ్చినది. 1956లో వచ్చిన హిందూ దత్తత శాసనము ప్రకారము బిడ్డ దత్తు పోయిన దినమునుండి పుట్టినింటితోడి బంధములన్నియు తెగిపోవును. పెంచిన యింటనే ఆ బంధములన్నియు క్రొత్తగా ఏర్పడును. కాని ఆ శాసనమే రెండు పోగులను మాత్రము తెంపకుండ విడిచినది. పుట్టినింట ఎవరిని వివాహమాడరాదో, దత్తు పోయినపిదపను వారిని వివాహమాడరాదు. దత్తతకు పూర్వమే ఆ బిడ్డకు సంక్రమించిన ఆస్తి ఆ బిడ్డదియే. రక్తమును, నేలను శాసనముకూడ పూర్తిగా త్రెంచలేకపోయినది. మన పౌరసత్వ శాసనమును ఇంచుమించు ఇట్లే నడచినది. రాజ్యాంగముయొక్క తొమ్మిదవ అధికరణమును, 1955నాటి పౌరసత్వ శాసనముయొక్క తొమ్మిదవ విభాగమును చెప్పునది ఒక్కటియే: స్వేచ్ఛగా అన్యదేశపు పౌరుడైనవాడు ఆ క్షణమునుండి భారతపౌరుడు కాడు. అమెరికావారు నోట విసర్జింపజేయుదురే గాని పాత పాస్‌పోర్టును లాగికొనరు. దానిని అప్పగింపుమని కోరునది మన దేశమే. మా తమ్ముడు తన పాత పుస్తకమును మన కాన్సులేటునకు పంపగా వారు దానిని రద్దుపరచి, అప్పగించినట్లు పత్రమిచ్చిరి. ఆ రద్దయిన పుస్తకమును ఆతడు నేటికిని దాచుకొనియున్నాడు.

తెగిన బంధమునకు మన ప్రభుత్వము ఒక క్రొత్త పోగు ముడివేసినది మన హైదరాబాదు నగరముననే యని చాలమంది మరచిపోయినారు. 2006 జనవరిలో ఇచ్చట జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) పథకమును ప్రారంభించిరి. పేరులో పౌరసత్వమున్నను అది పౌరసత్వము కాదు. జీవితాంతము వీసా అక్కరలేదు. వచ్చి ఉండవచ్చును, ఉద్యోగము చేసికొనవచ్చును, ఇల్లు కొనుక్కొనవచ్చును. ఓటు లేదు, ఎన్నికలలో నిలువరాదు, వ్యవసాయభూమి కొనరాదు. ఈ చివరి నియమము మా శంషాబాదులో మాటలాడుకొనినంతగా మరెచ్చటను మాటలాడుకొనరేమో. దాదాపు 5,500 ఎకరముల ఈ విమానాశ్రయము 2008 మార్చిలో తలుపులు తెరచి, విమానములు బేగంపేటనుండి ఇచ్చటికి తరలివచ్చినపిదప, జొన్నయు, కూరగాయలును పండిన మా చుట్టుప్రక్కల నేల కనుచూపుమేర ప్లాట్లుగా మారిపోయినది. తండ్రి వదలిన పొలమును విదేశపౌరుడైన కుమారుడు వారసత్వముగా పొందవచ్చును. ఆ పొలమునకు ఆనుకొనియున్న మరియొక అరయెకరమును కొనలేడు. శాసనము ఇచ్చట దత్తపుత్రుని విషయమున చేసినట్లే చేసినది: వచ్చినదానిని ఉంచినది, క్రొత్తగా చేర్చుకొనుటను ఆపినది. ఇందు అన్యాయమున్నదని నేననను. ఈ నేలకు సంబంధించిన బరువులు మోయువారే ఈ నేలను క్రొత్తగా కొనవలెననుట ధర్మముగానే తోచుచున్నది.

పాత కాలపు హైదరాబాదు సంస్థానముననే ఒక విధమైన పౌరసత్వప్రదానము ఉండెననుట ఈ సందర్భమున నాకు ఎంతయో విలువైన సంగతిగా తోచుచున్నది. ఈ విమానాశ్రయము నిలిచిన నేల ఆనాడు నిజాము ఏలుబడిలోనిది. 1919లో ఇచ్చిన ఫర్మానా ప్రకారము ప్రభుత్వోద్యోగములు ముల్కీలకే చెందవలెను. ముల్కీ ఎవరు? సంస్థానమున పుట్టినవాడు ముల్కీ. పుట్టనివాడు కావలెనన్న, కనీసము 15 సంవత్సరములు ఇచ్చట స్థిరనివాసముండవలెను; అంతియే కాదు, తన పూర్వనివాసమునకు మరలిపోవు తలంపును విడనాడితినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము సమర్పింపవలెను. ఆ నిబంధనలే 1952లో విద్యార్థుల ఆందోళనకును, 1969లో మహోద్యమమునకును ప్రాణమైనవి; 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు అవి చెల్లునని తీర్పుచెప్పగా, మరుసటి సంవత్సరము పార్లమెంటు వానిని రద్దుచేసినది. ఆ చరిత్రలోని గాయములను ఇచ్చట కదలింపబోను. నన్ను ఆకర్షించినది ఆ ఒక్క షరతు. అమెరికా అడుగునది విధేయతను. నిజాము అడిగినది మరలిపోవు తలంపును. రెండింటిలో ఏది కష్టతరము? విధేయతకు ఆనవాళ్లు కలవు: పన్ను, ఓటు, సైన్యము, న్యాయస్థానము. తలంపునకు ఏ ఆనవాలు కలదు? రాత్రి పడుకొనినపిదప పదునైదేండ్లనాటి ముల్కీకి గుంటూరులోని తన బావిగట్టు కలలో కనబడినచో ఆ ప్రమాణపత్రము అసత్యమైనదా? మా అమ్మ నేటికిని తమ్ముని గదిని ఎవరికిని ఇయ్యదు. ఆతడును, పదవీవిరమణ పిదప వచ్చి ఇచ్చటనే ఉందుననుచుండును. అమెరికా ఆతనిని ఆ తలంపు విడువుమని అడుగలేదు. ఆ విషయమున ఆ మహాదేశము మన పూర్వపు సంస్థానముకంటె ఉదారమైనది.

వచ్చినవారిని లెక్కింపక పోయినవారిని గూర్చియే చెప్పుట ధర్మము కాదు. శంషాబాదునుండి పహాడీషరీఫు మీదుగా నగరమునకు పోవు దారిలో బార్కసు కలదు. యెమెనులోని హద్రమౌతు ప్రాంతమునుండి నిజాము సైన్యమున చేరుటకు వచ్చిన అరబ్బుల సంతతివారు అచ్చట నివసింతురు. బార్కసు జామపండ్ల రుచి ఎరుగనివారు మా వైపు లేరు. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసినపిదప, అన్యదేశీయులని ఎంచబడిన అరబ్బులను పెక్కుమందిని నిర్బంధించి, ఓడలెక్కించి పంపివేసిరి. మిగిలినవారికి 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమే నెలవైనది: ఇచ్చట స్థిరనివాసముండి, ఇచ్చట పుట్టినవారు, లేక ఇచ్చట పుట్టినవారి బిడ్డలు, లేక అంతకుముందు ఐదేండ్లుగా ఇచ్చట ఉన్నవారు పౌరులు. వారికి ఏ పరీక్షయు పెట్టలేదు, ఏ ప్రమాణమును చేయింపలేదు. ఒక్క వాక్యముతో ఒక జాతి తనవారిని తనవారుగా అంగీకరించినది. అంత గొప్ప వాక్యములు శాసనములలో అరుదు.

అమెరికాలో తెలుగువాని చరిత్ర తలంచినపుడు నా మనస్సు ఎల్లప్పుడును యెల్లాప్రగడ సుబ్బారావుగారి కడనే ఆగును. 1895లో భీమవరమున పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, 1920ల ఆరంభమున బోస్టను చేరిన ఆ మహనీయుడు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేయుచు హార్వర్డులో చదివెను. ఇంచుమించు ఆ కాలముననే, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అను పంజాబీ యువకుని వ్యాజ్యములో తీర్పుచెప్పెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసిన ఆ యువకుడు, సామాన్యజనుల భావనలో తెల్లవాడు కాడు గనుక, పౌరుడగుటకు అర్హుడు కాడని ఆ తీర్పు. దానితో అంతకుముందు పౌరులైన భారతీయుల పౌరసత్వములను సైతము ఊడబెరుకసాగిరి. పెషావరునుండి భార్యాబిడ్డలతో వెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారము చేసికొనుచు 1921లో పౌరుడైన వైష్ణోదాస్ బగాయ్ ఆ విధముగా ఏ దేశమునకును చెందనివాడై 1928లో ప్రాణత్యాగము చేసికొనెను. ఇట్టి గాలి వీచుచున్న దేశమున సుబ్బారావుగారు పరిశోధనాగారమున తలవంచుకొని పనిచేసిరి. రక్తములోని ఫాస్ఫరసును కొలుచుటకు తోడి శాస్త్రజ్ఞుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి లోకమంతట వ్యాపించినది. కండరములకు శక్తినిచ్చు ఏటీపీని 1929లో వారిరువురు వెలికితీసిరి. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరి, యుద్ధకాలమున అచ్చటి పరిశోధనలకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లమును, దానినుండి కాన్సరును ఎదిరించు మందులను, ఆరియోమైసినును, బోదకాలికి హెట్రజానును వెలువరించు కృషికి సారథ్యము వహించెను. ఆయన పుట్టిన గోదావరీ డెల్టాలో బోదకాలుతో కుములుచుండిన కుటుంబములెన్నియో! పౌరుడు కాని ఒక పరదేశి, ఆ పరాయినేలమీదనుండి తన పుట్టిననేల జబ్బునకు మందు పంపెను.

1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమను సంతకము చేసిన చట్టముతో భారతీయులకు పౌరసత్వద్వారము తెరవబడినది; ఏటికి 100 మందికి మాత్రము ప్రవేశము. ఆ ద్వారము తెరచినపిదప సుబ్బారావుగారు జీవించినది రెండేండ్లు. 1948 ఆగస్టులో, పౌరుడు కాకయే, కన్నుమూసెను. అదే ద్వారమున పోయిన పంజాబీ దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో ప్రతినిధులసభకు ఎన్నికయ్యెను. ఒకడు పౌరసత్వము లేకయే అంతటి మేలు చేసెను గదా, ఇక ఆ కాగితము దేనికి అని కొందరందురు. నాకు ఆ వాదము రుచింపదు. సుబ్బారావుగారు ఔషధమునిచ్చిరి గాని, ఆ ఔషధమును పంచు రాజ్యమున ఒక్క మాటయైన చెప్పు హక్కు ఆయనకు లేకుండెను. ఉపకారము చేయువానిని ఉపకారిగానే ఉంచి, సమానునిగా ఎంచకపోవుట ఆ దేశమునకు కలిగిన లోటు.

ఇక నేటి మాట. 1965నాటి చట్టము పాత కోటాలను తొలగించినది గాని, ఉద్యోగము ద్వారా వచ్చు గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశమునకును 7 శాతముకంటె ఎక్కువ ఇయ్యరాదను నియమము నిలిచియున్నది. కోటానుకోట్ల జనమున్న మన దేశమునకును, మా మండలమంత జనములేని ద్వీపమునకును అదే పరిమితి. అందుచే మనవారు ఏండ్లకొలది వరుసలో నిలుచుచున్నారు. ఉద్యోగము పోయినచో అరువది దినములలో మరియొకటి వెదకుకొనవలెను. తండ్రి పోయినాడని కబురు వచ్చినను, వీసాముద్ర మరల పడునో లేదో యని విమానమెక్కుటకు సంకోచించిన బిడ్డలను నేనెరుగుదును. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్లగారు 1994లో, చేతికి వచ్చిన గ్రీన్ కార్డును ఢిల్లీలోని రాయబార కార్యాలయమున తిరిగి ఇచ్చివేసి, హెచ్-1బీ వీసాకు మరలిపోయిరి. గ్రీన్ కార్డు గలవాని భార్యకు ఏండ్ల నిరీక్షణ, హెచ్-1బీ గలవాని భార్యకు ప్రవేశము, ఆనాటి నియమము అట్టిది. భార్యతో కలిసి ఉండుటకై పౌరసత్వమునకు పోవు దారిలో వెనుకకు నడచిన మనుష్యుని ఉదంతమిది. ఇంతటి భయముల నడుమ తీసికొన్న పౌరసత్వము భయమునుండి పుట్టినదే కదా, సౌకర్యమునకై చేసినదే కదా, అట్టి ప్రమాణమునకు విలువ యేమి? ఈ ప్రశ్న నన్ను చాల దినములు బాధించినది. ఆ సభాభవనమున ఆతని గొంతు ఆగుటకు కారణము ఇదియే అయియుండునా?

ఆలోచించి ఆలోచించి నేను చేరిన నిర్ణయమిది: ప్రమాణము ఏ కారణమున చేయబడినదో కంటె, చేసినపిదప అది ఎట్లు పాలింపబడినదో ముఖ్యము. మా తమ్ముడు తమ ఊరి బడి పాలకమండలి ఎన్నికలలోను తప్పక ఓటు వేయుననియు, జ్యూరీగా పిలిచినపుడు సెలవు పెట్టి పోయి, ఎవరో తెలియని ఒక నిందితుని విషయమున దినములకొలది కూర్చుండి ఆలకించెననియు ఆ మధ్యాహ్నమే వింటిని. జ్యూరీలో కూర్చుండుటకు పౌరులే అర్హులు. పరాయివాని స్వేచ్ఛను గూర్చి నిర్ణయించు బరువు తన భుజముపై పడినపుడే, "నేను ఇక్కడివాడిని" అని మొదటిసారిగా తోచెనట. హైదరాబాదున పుట్టి ఏడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో వెళ్లిన అరుణా మిల్లరుగారు 2000లో పౌరురాలై, మేరీలాండు శాసనసభకు ఎన్నికై, 2023 జనవరిలో ఆ రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరుగా భగవద్గీతపై చేయి యుంచి ప్రమాణము చేసిరి. ఆ దృశ్యమును చూచి మనము గర్వపడితిమి. కాని ఆ గర్వమునకు పునాది 2000లో ఆమె చేసిన మొదటి ప్రమాణము. దానిని మన ఇండ్లలో ఎవరును వేడుకగా ఎంచరు. రెండవదానికి మాత్రము చప్పట్లు చరతుము. బిడ్డ పదవి కెక్కినపుడు మనవాడు, పౌరుడైనపుడు పరాయివాడు అనుట సత్యమునకు తగదు. ఇచ్చిన మాటను నిలుపుకొనువాడే మనవాడని హరిశ్చంద్రుని కథతో పెరిగిన జాతి కదా మనది! అందుచే మా యింట ఒక నియమము పెట్టుకొంటిమి: మా మేనకోడలు వచ్చే ఏడు ప్రమాణము చేయనున్నది, ఆ దినమున ఆమెకు అందరమును ఫోనుచేసి ఆశీర్వదింతుము, వీథిలో మిఠాయి పంచుదుము, ఎవరేమని అడిగినను సంగతి స్పష్టముగా చెప్పుదుము.

ఇంతవరకు వ్రాసి ఆపవచ్చును. కాని మనస్సు ఒప్పుకొనుటలేదు. విమానాశ్రయమునకు దూరము కాని బాలాపూరులో, రేకులును టార్పాలినులును కప్పిన గుడిసెలలో, బర్మానుండి పారిపోయివచ్చిన రొహింగ్యాలు నివసించుచున్నారు. 1982లో బర్మా చేసికొన్న పౌరసత్వ చట్టము వారిని వెలివేసినది. వారు ఏ దేశమునకును పౌరులు కారు. బర్మా మన తెలుగువారికి తెలియని దేశమా? కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూనునకు పోయి, రేవులలో మూటలు మోసి, ధాన్యపుమిల్లులలో పనిచేసిన మనవారు, 1948లో ఆ దేశము స్వతంత్రమైనపిదప పౌరులుగా అంగీకరింపబడక, 1960లలో కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెములోని బర్మాక్యాంపు వారి జ్ఞాపకమే. అదే దేశము, అదే తిరస్కారము. మనవారికి తిరిగివచ్చుటకొక తీరముండెను, వీరికి అదియు లేదు.

మన పౌరసత్వ శాసనమునకు అనుబంధమైన మూడవ షెడ్యూలు ఒకసారి చదివితిని. విదేశీయుడు భారతపౌరుడు కావలెనన్న దరఖాస్తునకు ముందటి 12 మాసములు ఎడతెగక, అంతకు పూర్వపు 14 సంవత్సరములలో మొత్తము 11 సంవత్సరములు ఇచ్చట ఉండవలెను, సచ్ఛీలుడు కావలెను, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఒకదానిని తగినంతగా ఎరిగియుండవలెను. ఆ భాషలలో తెలుగు కలదు. అనగా తెలుగు నేర్చి భారతీయుడు కావచ్చునని మన శాసనమే చెప్పుచున్నది. ఇంగ్లండున పుట్టిన శాస్త్రవేత్త హాల్డేను 1957లో మన దేశమునకు వచ్చి, 1961లో పౌరుడై, 1964లో భువనేశ్వరమున మన పౌరునిగానే మరణించెను. అది మనకు కలిగిన గౌరవము. కాని సరియైన పత్రములు లేక సరిహద్దు దాటినవానికి ఆ ద్వారము 2003నాటి సవరణతో మూయబడినది. 2019నాటి సవరణ కొందరికి మినహాయింపు ఇచ్చినది గాని, అందు చెప్పబడిన మూడు దేశములలో బర్మా లేదు. బాలాపూరు గుడిసెలో పుట్టి, బడిలో మన పిల్లలతో తెలుగున మాటలాడుచున్న బిడ్డ ఎన్ని యేండ్లు ఇచ్చట పెరిగినను ఏ వరుసలోను నిలువలేడు. దేశరక్షణను గూర్చిన ఆందోళనలు నాకు తెలియనివి కావు. ఎవరిని చేర్చుకొనవలెనో నిర్ణయించు అధికారము ప్రతి జాతికిని కలదు. ఆ నిర్ణయమునకు ఒక పద్ధతి, ఒక విచారణ, ఒక గడువు, ఒక సమాధానము ఉండవలెనని మాత్రమే నా విన్నపము. మన బిడ్డల విషయమున ఆ నాలుగును లభించుటలేదని, ఏండ్లకొలది వేచియుండవలసివచ్చుచున్నదని అమెరికాను నిందించుచున్న మనకు, ఆ విన్నపము చేయుట భారము కారాదు.

1951నాటి శరణార్థుల ఒడంబడికపై భారతదేశము సంతకము చేయలేదు. శరణార్థులను గూర్చి ప్రత్యేక శాసనము మనకు నేటికిని లేదు. అట్టి శాసనమొకటి కావలెనని మన పార్లమెంటు సభ్యులకు వ్రాయుడు. శంషాబాదులో బిడ్డలను సాగనంపి, వారికి పరాయిదేశము న్యాయము చేయవలెనని దేవునికి మ్రొక్కుకొన్న తల్లిదండ్రులు ముందుగా వ్రాయవలెనని నా ప్రార్థన.